రాగుల ముడికి ఒక్క స్టారు

"పాత కంబళిని కొత్తదని అంటగట్టారు. గొర్రెల కంపు. అట్టలాగా బిర్రుగా ఉంది. ఒక మూలన ముడి వేసి ఉంది, అందులోంచి పురుగుల గుడ్లు రాలుతున్నాయి. మోసం. ఎవరూ కొనకండి."

దాని కింద ఒక్క స్టారు. ఇంకా కింద ఒక ఫోటో. తెల్లటి టైల్సు మీద నల్ల కంబళి మూల, దానికి ముడి, ముడి పక్కన చిట్టి చిట్టి ఎర్రటి గింజలు.

బడిలో మధ్యాహ్న భోజనాలు అయిపోయి పిల్లలు కొళాయి దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్నారు. నేను వరండా గోడకు ఆనుకుని ఫోన్ చూస్తున్నాను. నా దగ్గర కంబళి కొన్నావిడ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది కాబట్టి మొదట సరిగా అర్థం కాలేదు. ఒకటో తరగతి పిల్లలాగా కూడబలుక్కుని మళ్ళీ చదివాను. ఈసారి అర్థమైంది, ఒళ్ళు భగ్గుమంది. పురుగుల గుడ్లట! రాగులను చూసి పురుగుల గుడ్లనుకునే మనుషులు కూడా ఈ భూమి మీద మూడు పూటలా తింటున్నారు.

తర్వాతి పీరియడ్‌లో మూడో తరగతికి ఎక్కాలు చెప్పించాను. వాళ్ళు ఏడో ఎక్కం చెప్పారో, ఎనిమిదో ఎక్కం చెప్పారో ఇప్పటికీ నాకు తెలియదు. నా చెవుల్లో ఒకటే మాట తిరుగుతోంది. మోసం. ఆవిడ ఆ మాట నన్ను ఉద్దేశించి రాసింది. నాకు మాత్రం అది మా నాయనను అన్నట్టే తగిలింది.

నేను వ్యాపారిని కాను. సోమందేపల్లె దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరును. చలికాలం వచ్చినప్పుడు ఒకటో రెండో కంబళ్ళు ఫోన్లో ఒక అమ్మకాల యాప్‌లో పెట్టేదాన్ని, అంతే. ఆ కంబళ్ళు మా నాయన నేసినవి. గోరంట్ల దాటి లోపలికి పోతే మా ఊరు. గొర్రెలు కాసుకుని, ఉన్ని వడుక్కుని, కంబళ్ళు నేసుకునే ఇల్లు మాది. గొర్రెలు అన్నదమ్ముల పంపకాల్లో పోయాయి. మగ్గం మా నాయనకు మిగిలింది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. రాట్నం నాది, మగ్గం ఆయనది. ఇంట్లో మేమిద్దరమే. మాట్లాడుకునేది తక్కువ, మగ్గం మాత్రం పొద్దంతా మాట్లాడుతూనే ఉండేది.

మోకాళ్ళు మగ్గం గుంతలోకి దిగమని మొరాయించేదాకా నేశాడు. ఆ తర్వాత సోమందేపల్లెకు, నా అద్దె గదికి తెచ్చుకున్నాను. గది హైవేకు దగ్గర. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని పొద్దస్తమానం లారీలను చూసేవాడు.

"ఇన్ని బండ్లు యాడికి పోతాండాయి పాపా? ఆడ ఏముండాది?" అని అడిగేవాడు.

"బెంగళూరు ఉండాది నాయనా" అనేదాన్ని.

"మల్ల తిరిగి వచ్చేటివి కూడా అన్నే ఉండాయే! ఆడ ఏమీ లేనట్టుందే!" అని నవ్వేవాడు.

నవ్వుతూనే ఒక ఎండాకాలం పోయాడు. కుర్చీ కిటికీ దగ్గరే ఉండిపోయింది. నేను దాంట్లో కూర్చునేదాన్ని కాదు, జరిపేదాన్ని కాదు. ఇల్లు ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడ్చేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు అడగడం మానేశారు. వాళ్ళు అడుగుతున్న రోజుల్లో చిరాకు పడేదాన్ని. ఇప్పుడు ఆదివారాలు ఎవరైనా వచ్చి అదొక్కటి అడిగినా బాగుండుననిపిస్తుంది.

నాయనతో పాటు ఊరి నుంచి ఒక ట్రంకు పెట్టె వచ్చింది. ఆయన చివరగా నేసిన కంబళ్ళు అందులో ఉన్నాయి. మిల్లు రగ్గులు వచ్చాక సంతలో నల్ల కంబళిని అడిగే నాథుడు లేడు. అమ్ముడుపోనివి అలాగే పెట్టెలో చేరాయి. వాటిని చూస్తే ఆయనకు దిగులు.

"పెట్టెలో ఉండే కంబళి సచ్చిన గొర్రెతో సమానం పాపా. మనిషి కప్పుకుంటేనే దానికి పానం. యాడన్నా ఇచ్చెయ్, ఎవురన్నా కప్పుకోనీ" అనేవాడు.

అందుకే యాప్‌లో పెట్టడం మొదలుపెట్టాను. మీరే ఒకటి కప్పుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. నేసేవాళ్ళ ఇంట్లో కొత్త కంబళి కప్పుకోవడం మేము ఎరుగం. పడుగు తెగి పాడైనవి, ఎలుకలు కొట్టినవి, కొసలు వంకర వచ్చినవి మావి. మంచివి బయటివాళ్ళవి. చలికి వణుకుతూ కూడా కొత్తదాని మీద చెయ్యి వేసేవాళ్ళం కాదు. ఎవరూ వద్దనలేదు, అది మాది అనుకోవడం మాకు రాలేదు, అంతే.

ఇక ఆ ముడి సంగతి. మగ్గం నుంచి కంబళిని కోసి దించగానే మా నాయన మొదట చేసే పని అది. ఒక మూలలో పిడికెడు రాగులు పోసి, మూలను మెలిపెట్టి, ఉన్ని దారంతో బిగించి కట్టేవాడు. ఒట్టి కంబళి గడప దాటకూడదు. కప్పుకునే మనిషికి వెచ్చదనంతో పాటు కూడు కూడా పోవాలి. కట్టినవాళ్ళు ఆ ముడి విప్పకూడదు. మొదటిసారి కప్పుకోబోయే మనిషి తన చేత్తో విప్పి, ఆ గింజలను తన ఇంటి రాగుల్లో కలుపుకోవాలి. అప్పుడే ఆ కంబళి వాళ్ళదవుతుంది. మా వైపు పెద్దవాళ్ళను ఎవరిని అడిగినా చెబుతారు. రాగులు ఏళ్ళ తరబడి ఉన్నా పుచ్చవు కాబట్టే రాగులు కడతారు.

యాప్‌లో కంబళి గురించి రాసేటప్పుడు పొడవు రాశాను, వెడల్పు రాశాను, నాటు గొర్రెల నల్ల ఉన్ని అని రాశాను. ముడి సంగతి రాయలేదు. నీళ్ళు అమ్మేవాడు తడిగా ఉంటాయని రాస్తాడా? అంతకుముందు కొన్నవాళ్ళు కొందరు "ఈ ముడి ఏమిటండీ?" అని అడిగారు. చెప్పాను. సంతోషపడ్డారు. అడిగితే నోటి ముత్యాలేం రాలిపోవు. ఈవిడ అడగలేదు.

వాళ్ళు అలా అడగడం నాకు ఎంత ఇష్టమో ఇక్కడ చెప్పకుండా దాచుకోవడంలో అర్థం లేదు. కంబళి ఎవరు నేశారని ఒకాయన అడిగాడు. ఒకామె వాళ్ళ అమ్మ మోకాళ్ళకు చుట్టుకుంటోందని రాసింది. ఉతకవచ్చా అని ఇంకొకరు. నేను అవసరానికి మించి జవాబులు రాసేదాన్ని. ఉతకకండి, ఎండలో వేసి దులపండి అని రాస్తే సరిపోతుంది. నేను మాత్రం మా నాయనది ఎడమచేతివాటమని, అందుకే అంచు దగ్గర తెల్లచార కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుందని, చూడండి అని కూడా రాసేదాన్ని. కొందరు చూసి, "అవునండీ, ఒరిగింది!" అని తిరిగి రాసేవాళ్ళు. ఆ రోజు నాకు పండగ. ఈ ఊళ్ళో మా నాయనను ఎరిగినవాళ్ళు లేరు. ఆయన గురించి మాట్లాడాలంటే నాకు ఆ యాప్ తప్ప వేరే అరుగు లేదు.

ఆవిడకు పంపింది చివరి కంబళి. అది పోయాక పెట్టెలో వేపాకులు మాత్రమే మిగిలాయి.

అందుకే నా కోపం అంత తొందరగా దిగలేదు. ఇంకో పది అమ్మేది ఉంటే ఈ ఒక్క స్టారు ఎక్కడో అడుగుకు పోయేది. ఇక ఏమీ అమ్మను. ఆ పేజీలో ఇక ఎవరూ ఏమీ రాయరు. పైన, అందరికంటే పైన, ఆవిడ మాటలే ఉండిపోతాయి. మా నాయన బతుకంతా గుంతలో కాళ్ళు పెట్టుకుని చేసిన పని గురించి లోకం అన్న చివరి మాట కంపు, మోసం అని ఉండిపోతుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఆవిడ టీ తాగుతూ రాసి మర్చిపోయి ఉంటుంది.

ఆ సాయంత్రమే స్టవ్ మీద పాలు పెట్టి జవాబు మొదలుపెట్టాను. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అన్నట్టు రాశాను. "అమ్మా, పురుగు మా ముడిలో లేదు, మీ బుర్రలో ఉంది. రాగులకూ గుడ్లకూ తేడా తెలియనివాళ్ళు కంబళ్ళు కొనకూడదు, ప్లాస్టిక్ దుప్పటి కప్పుకుని పడుకోవాలి." రాస్తుంటే హాయిగా ఉంది. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. స్టవ్ తుడిచి వచ్చి మళ్ళీ చదువుకున్నాను. చదివితే మా నాయన గుర్తొచ్చాడు. సంతలో ఒకడు కంబళిని కాలితో తన్ని, ధర అడిగాడు ఒకసారి. నేను వాడి మీదికి పోబోయాను. నాయన నా జడ పట్టుకుని ఆపాడు.

"వాడు తన్నింది కంబళిని. నువ్వు తిట్టినావంటే వాడు తంతాడు నన్ను" అన్నాడు నవ్వుతూ.

ఆ జవాబు చెరిపేశాను.

రెండోసారి నెమ్మదిగా, మర్యాదగా, మొదటి నుంచి చెబుదామనుకున్నాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించిన గంజిని పడుగుకు పట్టిస్తారని రాశాను. అందుకే కొత్త కంబళి బిర్రుగా ఉంటుందని, మనిషి ఒంటి వేడికి ఒక చలికాలంలో మెత్తబడుతుందని రాశాను. గొర్రె ఉన్నికి గొర్రె వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా అని రాసి, అది కొట్టేసి, ఎండలో వేస్తే వాసన తగ్గుతుందని రాశాను. మా అమ్మ సంగతి కూడా ఎక్కడో వచ్చింది. మా ఊరి చెరువు నిండి ఎన్నేళ్ళయిందో కూడా వచ్చింది. అంతలో రాయడం ఆగిపోయింది. ఎంత నొక్కినా అక్షరం పడటం లేదు. యాప్‌లో జవాబుకు హద్దు ఉందట. ఇన్ని అక్షరాలు దాటితే ఒప్పుకోదట. పాతికేళ్ళుగా పిల్లలకు "ఇంకా రాయండి, ఇంకో నాలుగు వాక్యాలు రాయండి" అని చెప్పే మనిషిని నేను. నా దాకా వచ్చేసరికి చాలు ఆపు అంది ఫోన్.

మర్నాడు బడిలో నాతో పాటు పనిచేసే టీచరుకు చూపించాను. రోజూ హిందూపురం నుంచి బస్సులో వచ్చే అమ్మాయి, ఫోన్ వ్యవహారాలన్నీ తెలుసు.

"దీనికింత ఆలోచన ఎందుకు మేడం? సారీ అని రాసి, రెండు చేతులు జోడించే బొమ్మ పెట్టెయ్యండి. అందరూ అదే చేస్తారు. చూసేవాళ్ళకు మీరే మంచోళ్ళుగా కనపడతారు" అంది.

"సారీ దేనికి?"

"ఊరికే మేడం. ఏదో ఒకదానికి."

ఆ పిల్ల మాటలో తప్పు లేదు. లోకం నడిచేది అలాగే. కానీ ఏదో ఒకదానికి అంటే ఏ ఒకదానికి? ముడి వేసినందుకా? రాగులు కట్టినందుకా? ఆవిడ ఇంట్లో కూడు ఉండాలని మా నాయన కోరుకున్నందుకు, ఆయన లేనప్పుడు, ఆయన తరఫున నేను చేతులు జోడించాలా? బొమ్మ మీద వేలు పెట్టి కూడా తీసేశాను.

ఆ వారంలోనే పార్సిళ్ళాయన కింద ఇంటివాళ్ళకు ఏదో ఇవ్వడానికి వచ్చాడు. ఇదివరకు ఆటో నడిపేవాడు. నా వయసే ఉంటుంది. నా కంబళ్ళన్నీ ఆయన సంచిలోనే పోయాయి. వచ్చిన ప్రతిసారీ మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగి, నాలుగు మాటలు మాట్లాడి పోయేవాడు. చివరి కంబళి తీసుకుపోయేటప్పుడు "ఇంక లేవా మేడం?" అని అడిగితే లేవన్నాను. "అట్లయితే ఇంక ఈ తట్టుకు పనే లేదు నాకు" అన్నాడు. ఆ మాట అన్నది పని గురించే. అయినా ఆయన పోయాక తలుపు వెంటనే వేసుకోలేకపోయాను.

"ఏం మేడం, మొగం అట్ల పెట్టుకోనుండారు? ఇస్కూల్లో ఇన్‌స్పెక్షనా?" అన్నాడు.

ఫోన్ చూపించాను. పెదవులు కదుపుతూ చదివాడు.

"దీనికా! మాకూ ఇస్తారు మేడం స్టార్లు. మొన్న వాన పడి పార్సిలు తడిసిందని ఒగామె ఒక్క స్టారు ఇచ్చింది నాకు. వాన నేను కురిపించినానా? అసలు ఈ సీమలో వాన పడిందంటే ఎవురికైనా అయిదు స్టార్లు ఇయ్యాల!"

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నా నవ్వు నాకే వినపడింది.

"మరి ఆమెకు ఏమని జవాబు ఇచ్చినావప్పా?" అని అడిగాను.

"ఏమిస్తా? మాకు జవాబిచ్చే డబ్బీ లేదు. మీకుండాది కదా, రాసుకోండి. అబద్దం రాయొద్దండి, ఉండేది రాయండి. సాలు" అని లేచి, చెంబు బోర్లించి పోయాడు.

ఉండేది రాయండి. నాయన కూడా ఇలాగే అనేవాడేమో. ఆదివారం పొద్దున, కూరగాయలామె వచ్చి పోయాక, ఇంక సాయంత్రం దాకా ఎవరూ రారని తెలిసిన వేళ, కూర్చుని రాశాను.

"ఈ ముడి మా నాయన వేసింది. అందులో ఉన్నవి రాగులు. కప్పుకునేవాళ్ళ ఇంట్లో కూడుకు కొదవ ఉండకూడదని కట్టినవి. బిర్రుగా ఉన్నది చింతగింజల గంజి వల్ల. వాసన గొర్రెది. ఈ కంబళిని ఇంతవరకు ఎవరూ కప్పుకోలేదు. ఆయన ఇప్పుడు లేడు. మీకు అక్కర్లేకపోతే తిరిగి పంపండి, పారేయకండి."

హద్దులోపలే వచ్చింది. చివరి మాట రాసేదాకా నాకే తెలియదు, నా భయం అదేనని. ఆవిడ దాన్ని ఎక్కడైనా కుక్కకు పరుస్తుందేమో, చెత్తబండిలో వేస్తుందేమో. మోసం అన్న మాట మీద కోపం పెట్టుకుని ఇన్ని రోజులు తిరిగాను కానీ, అడుగున ఉన్నది ఇదీ. పంపించాను. కాసేపటికి జవాబు ఆవిడ మాటల కింద, చిన్న అక్షరాల్లో కనిపించింది.

తర్వాత రోజూ చూసేదాన్ని. ఆవిడ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. స్టారు మారలేదు. నా జవాబు కింద మాత్రం "ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా?" అని ఉంటుంది. నాలుగో రోజో అయిదో రోజో దాని పక్కన ఒక అంకె కనిపించింది. ఒకటి. ఎవరో అవును అని నొక్కారు.

ఆ ఒక్కరు ఎవరా అని నేను ఎంతసేపు ఆలోచించానో చెబితే నవ్వుతారు. ఆవిడే అయి ఉంటుందా? తప్పు తెలుసుకుని, పైకి ఒప్పుకోలేక, చాటుగా నొక్కిందా? లేకపోతే మావైపు మనిషి ఎవరైనా, గోరంట్ల నుంచో చిలమత్తూరు నుంచో వలస పోయి, ఎక్కడో పట్నంలో రాగుల ముడి అన్న మాట చూసి, వాళ్ళ అవ్వ గుర్తొచ్చి నొక్కారా? ఆ రెండోది నాకు బాగా నచ్చింది. ఆ మనిషికి ఒక ఊరు పెట్టాను, ఒక అవ్వను పెట్టాను. నన్ను ఎరగకుండానే ఎక్కడో ఒక మనిషి మా నాయనను ఎరిగినట్టు ఉండేది. అన్నం తినేటప్పుడు ఆ మనిషితో మనసులో మాట్లాడేదాన్ని. ఒంటరిగా ఉండేవాళ్ళు కూడు తినే పద్ధతి అది. ఎదురుగా ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకోకపోతే ముద్ద దిగదు.

ధనుర్మాసం చలి ముదిరింది. మధ్యాహ్నం కూడా గాలి కొండల మీది నుంచి కోసుకుంటూ వస్తోంది. ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. పార్సిళ్ళాయన. చేతిలో గోధుమరంగు అట్టపెట్టె.

"ఎప్పుడూ తీసకపోయేటోణ్ణి మేడం. ఈసారి ఇచ్చేదానికొచ్చినా. మీ కంబళే తిరిగొచ్చినట్టుండాది. ఓటీపీ చెప్పండి."

ఫోన్లో రెండుసార్లు వెతికాను. అంకెలు చెప్పాను. పెట్టె చేతికిచ్చి, నా ముఖం చూసి, ఏదో ఒకటి అనాలనుకున్నాడు కాబోలు.

"మీరు రాసింది సదివినా మేడం. బాగుండాది. అవును అని నొక్కినా గూడ."

"నువ్వేనా?"

"నేనే. నొక్కగూడదా?" అన్నాడు కంగారుగా.

నొక్కవచ్చన్నాను. మంచిదన్నాను. నీళ్ళు ఇచ్చాను. ఆయన సంచి సర్దుకుని, "ఇంక పార్సిళ్ళు లేవు కదా మేడం, అయినా ఈ తట్టు వస్తే పలకరించి పోతాలే" అని మెట్లు దిగిపోయాడు. బండి చప్పుడు హైవే చప్పుడులో కలిసేదాకా నిలబడ్డాను. నేను ఊరూ అవ్వా పెట్టుకుని మాట్లాడుకున్న ఆ మనిషి ఎక్కడా లేడు. ఈ ఒక్కడే. మనసు ఖాళీ అయింది. ఆ వెంటనే, ఈ ఒక్కడైనా ఉన్నాడు కదా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి, ఏది ముందో చెప్పలేను.

పెట్టె తెరిచాను. కంబళిని ఎలా పడితే అలా కుక్కారు. చీటీ లేదు, మాట లేదు. బయటికి తీసి దులిపాను. గదంతా ఆ వాసన. తడిసిన గొర్రె, చింతగింజల గంజి, మా పాత ఇంటి మట్టి. ట్రంకులో ఉన్నన్నాళ్ళు వేపాకుల వాసన కింద అణిగి ఉందేమో, ఇంత గట్టిగా ఎప్పుడూ తగల్లేదు. అంచు దగ్గర తెల్లచార ఎడమకు ఒరిగి ఉంది. మూల వెతికాను. ముడి అలాగే ఉంది. దారం కొంచెం వదులైంది, నాలుగు గింజలు రాలి ఉంటాయి, అంతే. ఆవిడ దాన్ని విప్పలేదు. విప్పని కంబళి ఆవిడది కాలేదన్నమాట. ఎవరిదీ కాకుండా అంత దూరం పోయి వచ్చింది.

ఈ గది నుంచి పోయినవి చాలా ఉన్నాయి. నాయన పోయాడు, కంబళ్ళు ఒక్కొక్కటే పోయాయి. తిరిగి వచ్చింది ఇదొక్కటే.

మళ్ళీ యాప్‌లో పెట్టవచ్చు. ఈసారి ముడి సంగతి ముందే రాయవచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. ఎవురన్నా కప్పుకోనీ అని నాయన అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఎవురన్నా అంటే ఎవరు? ఆ లెక్కలో నేను ఉన్నానా లేదా అని ఆయన ఉన్నప్పుడు అడగలేదు. నేసేవాళ్ళ ఇంట్లో పుట్టి, యాభై ఏళ్ళకు దగ్గరపడి, ఒక్క ముడి కూడా నా చేత్తో విప్పలేదు.

కిటికీ దగ్గరికి పోయాను. ఆయన కుర్చీని వెలుతురులోకి జరిపాను. కూర్చున్నాను. ఒడిలో ముడి పెట్టుకుని గోళ్ళతో దారం లాగాను. ఎడమచేతివాటం ముడి, నా చేతికి తిరగబడింది. పంటితో పట్టుకుని లాగితే వచ్చింది. అరచేతిలో పిడికెడుకు తక్కువ రాగులు. ఒక్కటీ పుచ్చలేదు. లేచి వంటగదిలోకి పోయి, మరకు పంపడానికి పెట్టుకున్న రాగుల డబ్బాలో పోసి కలిపాను. కలిపాక అవి ఏవో, ఇవి ఏవో తెలియలేదు.

వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. కింద లారీలు పోతున్నాయి, వస్తున్నాయి. కంబళి అట్టలాగే ఉంది, ఆవిడ అబద్ధమేమీ రాయలేదు. మెడ దగ్గర గీరుకుంటోంది. ఇంకో చలికాలానికి గాని నా ఒంటికి అలవాటు పడదు. ఆ కంపును ముఖం మీదికి లాక్కుని, గట్టిగా పీల్చి, "నాయనా, కప్పుకున్నా" అని పైకే అన్నాను.